మూత వెనక తడి

మదార్ ఏ బండి వచ్చినా ముందుగా బానెట్ ఎత్తడు. యజమానినే డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి లైట్లు వెయ్యమంటాడు, బ్రేకు తొక్కమంటాడు, స్టీరింగు ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పమంటాడు. తాను బయట నిలబడి, తల కొంచెం వంచి వింటాడు. తొందరలో వచ్చినవాళ్ళకి అది చూస్తే ఒళ్ళు మండుతుంది.

"ఏంటండీ వింటున్నారు, పాటలా?" అని ఒకాయన అడిగాడు ఒకసారి.

"రిలే టిక్కుమంటోందో లేదోనండి, కరెంటు అందితేనే పడే మీట అది. అది అబద్ధం చెప్పదు," అన్నాడు మదార్.

తాడేపల్లిగూడెం మార్కెట్ యార్డు వెనక రోడ్డులో ఆయన షెడ్డూ నా షెడ్డూ ఒకే గోడకి అటూ ఇటూ. ఆయనది కార్ల ఎలక్ట్రికల్ పని, నాది చక్రాల అలైన్‌మెంటు. ఇద్దరం ఎక్కడా చదివి నేర్చుకున్నవాళ్ళం కాదు. ఆయన తండ్రి దూదేకి పరుపులు కుట్టేవాడు. దూదేకే వింటి నారి మోతని బట్టి దూదిలో చెమ్మ ఉందో లేదో చెప్పేసేవాడట. మదార్ ఏడో తరగతితో బడి మానేసి, బ్యాటరీలు చార్జింగు పెట్టే దుకాణంలో చేరాడు. తర్వాత విప్పిన ప్రతి బండి వైరింగునీ బడి నోటు పుస్తకాల్లో రంగు పెన్సిళ్ళతో గీసుకుంటూ వచ్చాడు. నల్ల తీగకి నల్ల పెన్సిలు, ఎర్ర తీగకి ఎర్ర పెన్సిలు. అలాంటి పుస్తకాలు నలభై పైచిలుకు రేకుపెట్టెలో ఉన్నాయి. ఇప్పుడివన్నీ ఫోన్లోనే దొరుకుతాయి కదా భాయ్ అంటే, "దొరుకుతాయి. గీస్తే చేతికి గుర్తుంటుంది," అంటాడు.

ఆయనకి రెండు పట్టుదలలు. లోపం ఇదీ అని మీటరు మీద చూడందే ఒక్క భాగం కూడా మార్చడు. బాగుచేశాక ఒక్క రోజైనా బండిని తన దగ్గర ఉంచుకోందే విప్పిన మూతలు బిగించడు. కిందటేడు, యాభై నాలుగేళ్ళ వయసులో, ఆ రెండోదాన్ని ఒక్కసారి వదిలేశాడు.

ఆ కారు బియ్యం వ్యాపారం చేసే సూర్యప్రకాశరావు గారిది. తొమ్మిదేళ్ళ నాటి చిన్న కారు. వాళ్ళమ్మాయి వాసవి దాన్ని నడుపుతుంది. ఆమె గణపవరం అవతల, కొల్లేరు ఒడ్డున ఒక లంకగ్రామంలో బ్యాంకు ఉద్యోగి. రోజూ పొద్దున వెళ్ళి సాయంత్రం చేపల చెరువుల గట్ల మీదుగా తిరిగొస్తుంది. ఆషాఢం వానలతో బండికి జబ్బు మొదలైంది. వెళుతూ వెళుతూ ఉండగా స్టీరింగు బిగుసుకుపోతుంది, ఎదురుగా పసుపు దీపం వెలుగుతుంది, అదే క్షణాన ముందు లైట్లు దీపపు వత్తిలా దిగిపోతాయి. నిమిషానికి అన్నీ మామూలైపోతాయి. షెడ్డుకి తీసుకొస్తే ఏ లోపమూ కనిపించదు.

ఈ కాలపు చిన్న కార్లలో స్టీరింగుకి సాయంగా ఒక కరెంటు మోటారు ఉంటుంది. అది పనిచేస్తున్నంతసేపూ చిటికెన వేలితో తిప్పవచ్చు. ఆగిపోతే తిరగదని కాదు, భుజాల్లో బలం కావాలి, ఆ సంగతి ముందుగా తెలిసి ఉండాలి. మలుపులో తెలిస్తే లాభం లేదు.

ఒక చోట బ్యాటరీ మార్చారు. మరో చోట బల్బులూ రిలేలూ మార్చారు. మూడో చోట, ఏలూరులో, స్టీరింగు మొత్తం మార్చాలన్నారు. అప్పుడు నా దగ్గరికి వచ్చింది. పైకెత్తి, రాడ్లూ జాయింట్లూ ఒక్కొక్కటీ కదిపి చూశాను. ఇనుములో లోపం లేదు, కరెంటులో ఉంది, గోడ అవతలికి తీసుకెళ్ళండి అన్నాను.

మదార్ రెండు రోజులు బండి వదిలి వెళ్ళమన్నాడు. "రెండు రోజులా? అమ్మాయికి ఆడిట్ నడుస్తోందయ్యా. సాయంత్రానికి కావాలి," అన్నారు సూర్యప్రకాశరావు గారు. బండి పక్కనే కుర్చీ వేయించుకుని కూర్చున్నారు.

కరెంటు బ్యాటరీ నుంచి వెళ్ళడానికి తీగ ఉంటుంది. తిరిగి రావడానికి మాత్రం బండి ఒంట్లోని ఇనుమే దారి. నల్ల తీగలన్నీ అక్కడక్కడా ఒక బోల్టు కింద చేరి ఆ ఇనుముని పట్టుకుంటాయి. దాన్ని మేం ఎర్తు బోల్టు అంటాం. అక్కడ తుప్పు పడితే వెళ్ళిన కరెంటుకి తిరుగుదారి ఉండదు. లైటు మసకబారుతుంది. ఎక్కువ కరెంటు తాగే స్టీరింగు మోటారు అయితే పూర్తిగా చేతులెత్తేస్తుంది. ఈ కారులో లైట్ల స్విచ్చుకీ ఆ మోటారుకీ ఒకే బోల్టు.

మదార్ మీటరు తీగల కొసల్లో ఒకటి బ్యాటరీకి, ఒకటి బండి ఒంటికి ఆనించి, లైట్లన్నీ వేయించి స్టీరింగు తిప్పించాడు. సున్నా పక్కన ఉండాల్సిన అంకె రెండు వోల్టుల దాకా పోయింది. అక్కడి నుంచి ఒక్కొక్క చోటే వెతుక్కుంటూ, డ్రైవరు కుడి పాదం పక్కనుండే ప్లాస్టిక్ మూత విప్పాడు. వెనక బోల్టు చుట్టూ తెల్లగా, మధ్య మధ్య పచ్చగా, పువ్వులా పూసింది తుప్పు. విప్పి, ఇనుము మెరిసేదాకా గీకి, తీగల కొసలు శుభ్రం చేసి, బిగించి, పైన వేసలిన్ పూశాడు. అంకె సున్నా పక్కకి వచ్చి కూర్చుంది.

"ఇంతేనా? ఒక్క బోల్టా?" అని నవ్వారు సూర్యప్రకాశరావు గారు. "ఏలూరులో వాళ్ళు బండి అంతా మార్చేసేట్టున్నారు కదయ్యా!"

మదార్ నవ్వలేదు. మూత లోపలి వైపు వేలితో రాసి చూశాడు. వేలికి తడి అంటింది. పైకి ఒకసారి చూశాడు, డాష్‌బోర్డు కింద చీకటిలోకి.

"ఈ తడి ఎక్కణ్ణించి వస్తోందో చూడాలండి. రేపు ముందు అద్దం మీద పైపుతో నీళ్ళు కొట్టి..."

"వానాకాలం, కొల్లేరు రోడ్డు. తడి ఉండదా ఏంటయ్యా? బిగించు, బిగించు. దీపాలవేళ కావస్తోంది."

మదార్ నా వైపు చూశాడు. నేను నా షెడ్డు వైపు తిరిగాను. ఆయన మూత పెట్టి రెండు స్క్రూలు బిగించాడు.

మూడు వారాలు బండి బాగా తిరిగింది. నాలుగో వారం, ఒక సాయంత్రం ఆరు దాటాక, వానలో వాసవి తిరిగి వస్తోంది. చెరువుల మధ్య రోడ్డు ఎడమకి తిరిగే చోట లైట్లు ఆరిపోయాయి, చక్రం బిగుసుకుంది. బండి తిన్నగా వెళ్ళి గట్టు దిగిపోయింది. ముందు చక్రాలు నీళ్ళలో దిగి ఆగాయి. ఆ చెరువు కాపలాదారు బెంజమిన్ టార్చి పట్టుకుని పరిగెత్తుకొచ్చి ఆమెని బయటికి లాగాడు. కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది, మెడ కింది ఎముక చిట్లింది. ఏలూరులో ఆపరేషన్ చేశారు. ఎముకలు అతుక్కుంటాయి గానీ, కుడిచేతి వేళ్ళు రెండు ముడుచుకోవడం లేదు, నరం సంగతి ఇప్పుడే చెప్పలేం అన్నారు డాక్టర్లు.

మర్నాడు పదిగంటల వేళ సూర్యప్రకాశరావు గారు మా రోడ్డుకి వచ్చారు. మనిషి కేకలు వేయలేదు. వేసినా బాగుండేది.

"ఒక్క బోల్టు బిగించి పంపావు, మదారూ. నా కూతురు పెన్ను పట్టుకోలేకపోతోంది."

ఎదురు షెడ్డులో సొట్టలు తీసే డెంటింగు పనివాళ్ళు సుత్తులు ఆపేశారు. టైర్ల దుకాణం ఆనంద్ పాల్ బయటికి వచ్చి నిలబడ్డాడు. మదార్ చేతిలో పానా అలాగే ఉంది.

"బండి ఒకసారి చూడనివ్వండి, షావుకారు గారూ."

"చూసింది చాలు," అని ఆయన వెళ్ళిపోయారు.

అంతే. ఆ వారం యార్డు వైపు బండి ఒక్కటి కూడా మదార్ షెడ్డు ముందు ఆగలేదు. ఆయన మంచివాడే గానీ వయసైపోయింది, చూపు ఆనడం లేదు అని టీ బడ్డీ దగ్గర అనుకున్నారు. స్టీరింగు ఇనుములో లోపం లేదని నేను చెప్పిన మాట కూడా అక్కడ తిరిగింది. నా మాట నన్ను కాపాడింది, ఆయన్ని ముంచింది. షెడ్డు ముందు కూర్చుని ఆయన పాత నోటు పుస్తకం తిరగేస్తుండేవాడు. ఆయన భార్య గౌసియా మధ్యాహ్నం కారేజీ తెచ్చి, తెచ్చింది తెచ్చినట్టే తీసుకెళ్ళేది.

"ఏవండీ, నాలుగు చోట్లా చెప్పుకోండి. నేను బాగానే చేశానని మీరు అనకపోతే ఎవరంటారు?" అంది ఒకరోజు, నా ముందే.

"చూడకుండా ఏం చెప్పమంటావు? బాగానే చేశానో లేదో నాకే తెలీదు."

"ముప్ఫై అయిదేళ్ళు చేశాక కూడానా?"

"ఈ ఒక్క బండి సంగతే అడుగుతున్నారు, గౌసియా."

బీమా వాళ్ళు చూసేదాకా కారు గట్టు మీదే ఉంటుందని తెలిసి, మర్నాడు పొద్దున్నే నా మోటారు సైకిల్ మీద ఇద్దరం వెళ్ళాం. రోడ్డుకి రెండు వైపులా చెరువులు. మేత బస్తాలు వేసుకుని పడవలు తిరుగుతున్నాయి. కారుని ట్రాక్టరుతో గట్టు పైకి లాగి, టార్పాలిన్ కప్పారు. బెంజమిన్ పొడుగు కర్ర పట్టుకుని మా వైపు వచ్చాడు.

"మీరేనా అండీ ఆ కరెంటు ఆయన? షావుకారు గారు మిమ్మల్ని రానివ్వొద్దన్నారు."

"చేయి వేసి ఏదీ తీయను. చూసి పోతాను. నువ్వు పక్కనే ఉండు," అన్నాడు మదార్.

బెంజమిన్ కర్ర పక్కన పెట్టాడు. "సరే చూడండి. అమ్మాయి గారు ఆ రోజు చలికి వణుకుతూ ఒకటే మాట, ముందు లైట్లు పోయాయి, తర్వాత చక్రం పట్టేసింది అని. నేను చేపలు పట్టేవాణ్ణి, నాకేం తెలుసు? చెరువులో చేప తప్ప ఏది పడ్డా మా ఓనరు నన్నే తిడతాడు."

నీళ్ళు బంపరు దాకానే వచ్చాయి, లోపల కింద వేసిన చాప పొడిగా ఉంది. మదార్ కుడి పాదం పక్క మూత విప్పాడు. నెల తిరక్కుండానే బోల్టు మళ్ళీ తెల్లగా పూసింది. ఈసారి ఇంకా ఎక్కువ. వేసలిన్ కిందకి కూడా పాకింది. ఒక నల్ల తీగ కొస ముట్టుకోగానే ఊడి వచ్చింది.

ఆయన వేలు నాలుక మీద పెట్టుకున్నాడు. పక్కకి తిరిగి ఉమ్మేశాడు.

"ఏంటి భాయ్?"

"ఉప్పు."

కొల్లేరు నీళ్ళు ఉప్పు నీళ్ళు కావు. వాన నీళ్ళు అసలే కావు. మదార్ చెప్పులు విడిచి, సీటు వెనక్కి తోసి, వెల్లకిలా పడుకుని తల స్టీరింగు కిందికి దూర్చాడు. నేను టార్చి పట్టుకున్నాను. తీగల కట్ట వెనక, ఇనుప పట్టీకి, ఒక ఎర్రగుడ్డ మూట కట్టి ఉంది. నిమ్మకాయంత. గుడ్డ తడిసి నల్లబడింది. దాని కొస నుంచి తీగల కట్ట మీదుగా బోల్టు దాకా తెల్లటి చార. మేం చూస్తుండగానే ఒక చుక్క కొసకి చేరి, వేలాడి, జారింది.

కల్లుప్పు, పటిక ముక్క, రెండు ఎండుమిరపకాయలు. దిష్టి తగలకుండా అమావాస్య నాడు బళ్ళకి కడతారు చాలామంది. బయట, బంపరు కింద కడితే ఏమీ కాదు. లోపల, తీగల మీద, తేమ గాలిలో కడితే ఉప్పు నీరు కారుతుంది. ఇనుముకీ రాగికీ అంతకంటే శత్రువు లేదు.

నాకు ఒక్కసారిగా గుండె బరువు దిగింది. ఫోను తీసి ఫొటోల మీద ఫొటోలు తీశాను. "భాయ్, బయటపడ్డారు! ఇది తీసుకెళ్ళి టీ బడ్డీ ముందు వేలాడదీద్దాం. ఎవడేమంటాడో చూద్దాం!"

మదార్ బయటికి వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. వీపంతా మట్టి.

"ఆ రోజు తల ఇలా పెట్టి ఉంటే కనిపించేది," అన్నాడు.

"వాళ్ళు కట్టుకున్నారు, మీరేం చేస్తారు?"

"వాళ్ళు కట్టారు. తడి నా వేలికి అంటింది. నేను మూశాను."

"షావుకారు తొందరపెట్టాడు కదా."

"పానా నా చేతిలో ఉంది గానీ ఆయన చేతిలో లేదు."

ఆ మూటని విప్పి తీయడానికి బెంజమిన్‌ని అడిగాడు. బెంజమిన్ మొదట వెనకాడాడు. తర్వాత ఎవరి చేయీ తగలకుండా తానే తాడు కోసి, మేత సంచి కాగితంలో చుట్టి ఇచ్చాడు. "దిష్టి మూట అండీ. నేనయితే ముట్టుకోను," అంటూనే.

అక్కడి నుంచి తిన్నగా సూర్యప్రకాశరావు గారింటికి వెళ్ళాం. ఒంటిగంట దాటింది. తలుపు ఆయన భార్య శకుంతల గారు తీశారు. మమ్మల్ని చూసి ఆమె ముఖంలో కోపం కనిపించలేదు, భయం కనిపించింది. లోపల వాసవి సోఫాలో ఉంది. కుడిచేయి మెడకి వేలాడే కట్టులో. ఆ కట్టు ముడి దగ్గర చిన్న ఎర్రగుడ్డ మూట, పిన్నీసుతో గుచ్చి.

నేను చూశాను. మదార్ కూడా చూశాడు.

సూర్యప్రకాశరావు గారు కూర్చోమనలేదు. "బీమా వాళ్ళు రాకుండా బండి ముట్టుకున్నారట. బెంజమిన్ ఫోన్ చేశాడు."

"ముట్టుకున్నానండి. ఎర్తు బోల్టు మళ్ళీ తుప్పు పట్టింది. లైట్లూ స్టీరింగూ అందుకే పోయాయి. ఆ రోజు నా వేలికి తడి తగిలింది. అది ఎక్కణ్ణించి వస్తోందో చూడకుండా మూత బిగించాను. అది నా తప్పేనండి."

ఆయన ఈ మాట ఊహించలేదు. కుర్చీ చేయి పట్టుకుని మెల్లగా కూర్చున్నారు.

"అద్దం దగ్గర రబ్బరు పోయిందా?"

అవునంటే అయిపోయేది. కొత్త రబ్బరు వేస్తారు, ఆ ఇంట్లో ఎవరికీ నొప్పి తగలదు. నాకు ఆ క్షణంలో మదార్ అవునంటాడేమో అనిపించింది. లేని లోపాన్ని ఉందని చెప్పడం ఆయనకి చేతకాదు.

"రబ్బరు బాగానే ఉందండి," అన్నాడు. సంచిలోంచి కాగితం పొట్లం తీసి బల్ల మీద పెట్టి విప్పాడు. ఎవరూ ఏమీ అనకముందే శకుంతల గారి వైపు తిరిగి, "అమ్మా, ఇలాంటిది ఇంకే బండిలోనైనా కట్టారా?" అని అడిగాడు.

ఎందుకు కట్టారని అడగలేదు. అడుగుతాడనే నేను అనుకున్నాను.

శకుంతల గారు బల్ల అంచు పట్టుకున్నారు. "అది... బండిలోనే ఉందా ఇంకా?"

"శకుంతలా, ఏంటిది?" అన్నారు సూర్యప్రకాశరావు గారు.

"నేనే కట్టానండీ. అమ్మాయి ఆ చెరువుల మధ్య ఒక్కతే వస్తుందని. మీకు కనిపిస్తే నవ్వుతారని లోపల కట్టాను." ఆమె బల్ల మీది మూట వైపు చూశారు. "అమావాస్యకి చూస్తే సగం అయిపోయి ఉండేది. ఉప్పు కరుగుతోందంటే దిష్టి లాగేస్తోందనుకున్నాను. బండి మొరాయించినప్పుడల్లా ఇంకా గట్టి దిష్టి తగిలిందనుకుని ఇంకాస్త పోశాను. మదార్ గారు బాగుచేశాక వచ్చిన అమావాస్యకి రెండు గుప్పిళ్ళు..."

వాసవి లేచి నిలబడింది. "అమ్మా. నాకు చెప్పొచ్చు కదమ్మా."

"చెబితే తీసేస్తావని."

వాసవి ఎడమచేత్తో కట్టు ముడి దగ్గరున్న పిన్నీసు తీయబోయింది, ఒంటిచేత్తో రాలేదు. శకుంతల గారు అటు ఒక అడుగు వేసి, ఆగిపోయారు. తల్లీకూతుళ్ళ మధ్య ఆ పిన్నీసు అలాగే ఉండిపోయింది.

"అమ్మా," అన్నాడు మదార్ మళ్ళీ, మెత్తగా. "ఇంకెక్కడైనా?"

"ఏలూరులో. మా ఆడపడుచు నాగవల్లి కారులో. ఇదే చోట, స్టీరింగు కింద. పిల్లల్ని బడి నుంచి ఆ కారులోనే తెచ్చుకుంటుంది."

"బడి ఎన్నింటికి వదులుతారండీ?"

"నాలుగున్నరకి."

గోడ గడియారం రెండు కావడానికి పది నిమిషాలు చూపిస్తోంది. బయట మబ్బు పట్టింది. సూర్యప్రకాశరావు గారు చెల్లెలికి ఫోన్ చేశారు. ఎత్తలేదు. మళ్ళీ చేశారు. తాళాలు తీసుకుని, "రావయ్యా," అన్నారు. మదార్ పేరు పెట్టి పిలవలేదు. మా ఇద్దర్నీ చూడకుండానే పెద్ద కారు తీశారు. ఏలూరు దాకా దారిలో ఆయన చెల్లెలికి ఫోన్ చేస్తూనే ఉన్నారు. అది జవాబు లేకుండానే మోగింది.

మేం వెళ్ళేసరికి నాగవల్లి గారు గేటు తీసి, తాళాలు చేతిలో పట్టుకుని ఉన్నారు. ఫోను వంటింట్లో చార్జింగుకి పెట్టారట.

"అన్నయ్యా, ఏంటి చెప్పకుండా? అమ్మాయికి మళ్ళీ ఏమన్నా..."

"కారు ఎక్కకు. పిల్లలకి ఆటో పంపు," అన్నారాయన.

"ఈ వారంలో లైట్లు మసకబారాయా అమ్మా?" అని అడిగాడు మదార్.

ఆమె అన్నయ్య వైపు చూసి, "మొన్న వానలో ఒకసారి. బల్బు పోయిందేమోననుకున్నాను," అన్నారు.

మదార్ అప్పటికే నేల మీద పడుకున్నాడు. లోపల చీకటి. నేను టార్చి అందుకోబోతే, సూర్యప్రకాశరావు గారు నా చేతిలోంచి తీసుకున్నారు. అరవైకి దగ్గరైన మనిషి, మోకాళ్ళ మీద కూర్చుని లోపలికి వెలుగు పట్టారు. మూట అక్కడే ఉంది. బోల్టు అప్పుడప్పుడే పచ్చబడుతోంది. మదార్ మూట తీసి, నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, గీకి, బిగించాడు. గంట పైన పట్టింది. టార్చి పక్కకి జరగలేదు.

"అయిపోయింది కదా," అన్నారు సూర్యప్రకాశరావు గారు. మూత తీసి అందించబోయారు.

"వద్దండి. రేపు అద్దం మీద నీళ్ళు కొట్టి చూస్తాను. అప్పటిదాకా తెరిచే ఉండనివ్వండి."

ఆయన మూతని చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డారు. "ఆ రోజు కూడా ఇదే అన్నావు," అన్నారు.

మదార్ పానాలు గుడ్డతో తుడుచుకుంటూ ఉన్నాడు.

యార్డులో సూర్యప్రకాశరావు గారు ఆ సంగతి చెప్పలేదు. ఇంటి సంగతి కాబట్టి చెప్పలేకపోయారు. బోల్టు తుప్పు పట్టిందట అని మాత్రం అన్నారు. అది వినేవాళ్ళకి మదార్ తప్పుగానే వినిపించింది. మదార్ కూడా నన్ను నోరు విప్పనివ్వలేదు. ఫొటోలు తీసేయమన్నాడు, నేను తీసేశానన్నాను, తీసేయలేదు.

మార్గశిరంలో కారు డెంటింగు పూర్తయి, వైరింగు పనికి మదార్ షెడ్డుకే వచ్చింది. ఆయన అయిదు రోజులు ఉంచుకున్నాడు. రెండు రోజులు నీళ్ళు కొట్టాడు. బండి తీసుకెళ్ళడానికి శకుంతల గారూ వాసవీ ఆటోలో వచ్చారు. ఆనంద్ పాల్ టైరు దొర్లించుకుంటూ పోతూ, "అమ్మగారూ, మళ్ళీ ఇక్కడికేనా? ఈసారి రెండు బోల్టులు బిగించమనండి," అన్నాడు. డెంటింగు పనివాళ్ళు నవ్వారు.

శకుంతల గారు ఆటో దిగి, నిలబడి, అతని వైపు తిరిగారు.

"బోల్టు కాదు బాబూ. నేను బండి లోపల దిష్టికి ఉప్పు కట్టాను. అది కారి తీగలు తినేసింది. మదార్ గారి చేతిలో ఏ తప్పూ లేదు. మీ బళ్ళలో, మీ దగ్గరికొచ్చే బళ్ళలో ఎవరైనా లోపల కట్టి ఉంటే తీయించండి."

సుత్తుల చప్పుడు ఆగింది. ఆమె చేతులు కొంగులో దాచుకున్నారు గానీ తల దించుకోలేదు.

"తప్పు లేదని అనకండమ్మా," అన్నాడు మదార్. "కొంత ఉంది."

ఆ తర్వాత ఆయన ఎప్పుడూ చేసే పనే చేశాడు. వాసవిని డ్రైవరు సీట్లో కూర్చోమన్నాడు. ఆ రోజు తర్వాత ఆమె ఆ సీట్లో కూర్చోవడం అదే మొదలు.

"లైట్లు వెయ్యమ్మా."

లైట్ల స్విచ్చు స్టీరింగుకి కుడివైపు ఉంటుంది. వాసవి కుడిచేయి అక్కడికి వెళ్ళింది. మూడు వేళ్ళు దాన్ని పట్టుకున్నాయి, జారాయి. మళ్ళీ పట్టుకుంది, మళ్ళీ జారాయి. శకుంతల గారు ముఖం తిప్పుకున్నారు. వాసవి ఎడమచేతిని చక్రం మీదుగా అటు చాచి, స్విచ్చు తిప్పింది.

మదార్ బయట నిలబడి, తల వంచి వింటున్నాడు. లోపల రిలే టిక్కుమంది.

"స్టీరింగు తిప్పమ్మా," అన్నాడు. "మెల్లగా. ఎంతసేపైనా పర్లేదు."